పలుపు కట్టని పిన్ను

చిన్నా,

నువ్వు పంపిన బొమ్మ చేరింది. ఫోన్లో పెద్దది చేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. అమ్మమ్మ ఇంట్లో బావి మోటారు తనంతట తానే ఆన్ అవ్వాలి, మేడ మీద ట్యాంకు నిండగానే ఆగిపోవాలి, అదంతా నీ రాస్ప్‌బెర్రీ పై బోర్డు, ఆ అరచేతిలో పట్టే కంప్యూటరు, చూసుకోవాలి. దసరాకి పర్లాకిమిడి వచ్చి బిగిస్తానన్నావు. బిగిద్దువుగాని. ఈలోగా నేను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన చోట్ల సంగతి చెప్తాను, విను.

బోర్డు పిన్ను నుంచి గీత గీసి నేరుగా రిలే కాయిల్‌కి తగిలించేశావు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్, కాయిల్ దాన్ని లాగే తీగచుట్ట. అల్లుడూ, ఆ పిన్నుకి నోరే ఉంది, భుజం లేదు. ఆన్ అని చెప్పగలదు, బరువు మొయ్యలేదు. ఒక్కో పిన్ను నుంచి 16 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు, అన్ని పిన్నులూ కలిపి 50 దాటకుండా చూసుకోవడం మంచిది. నువ్వు కొన్న ఆ నీలం రంగు 5 వోల్టుల రిలే ఒక్కటే 70 దాకా లాగుతుంది. మధ్యలో బీసీ 547 ట్రాన్సిస్టర్ పెట్టు, పిన్ను ఇచ్చే కాస్త కరెంటుతో అది రిలేకి కావాల్సింది వదులుతుంది. దాని బేస్‌కి, అంటే పిన్ను తగిలే కాలికి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టు. కాయిల్‌కి అడ్డంగా 4007 డయోడ్ తిరగేసి వెయ్యడం మర్చిపోకు. కాయిల్ ఆఫ్ అయిన క్షణంలో గేదె తన్నినట్టు వెనక్కి తంతుంది, ఆ తన్ను డయోడే కాయాలి. ఇవన్నీ బిగించి అమ్మే రిలే బోర్డులు దొరుకుతాయి, కానీ ఒక్కసారైనా నువ్వే చేత్తో అతికించి చూడు.

ఆ రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉందని దాంతోనే మోటారు తిప్పేద్దామనుకోకు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకున్నా, లేచేటప్పుడు అంతకి ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే పాయింట్లు అతుక్కుపోతాయి. తర్వాత నీ ప్రోగ్రాం ఎంత ఆఫ్ అన్నా మోటారు ఆగదు. గోడ మీద స్టార్టర్ పెట్టెలో కాంటాక్టర్ ఉంది కదా, మోటారు బరువు మొయ్యగల పెద్ద రిలే లాంటిది, రిలేతో దాని కాయిల్‌ని మాత్రమే నడిపించు. పిన్ను రిలేకి చెప్తుంది, రిలే కాంటాక్టర్‌కి చెప్తుంది, కాంటాక్టర్ మోటారుకి చెప్తుంది. మన ఆఫీసుల్లో ఫైలు కదిలినట్టే, కాకపోతే ఇక్కడ కదులుతుంది.

పిన్నుల నంబర్ల దగ్గర కూడా తడబడ్డావు. మన వీధుల్లో ఇంటికి పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు ఉన్నట్టు ప్రతి పిన్నుకీ రెండు నంబర్లుంటాయి. వరసలో లెక్కపెడితే పదకొండో పిన్ను, ప్రోగ్రాంలో జీపీఐఓ 17. జీపీఐఓ అంటే ప్రోగ్రాం నడిపే పిన్ను. నువ్వు బొమ్మలో ఒకటి, ప్రోగ్రాంలో ఇంకొకటి రాశావు. టెర్మినల్లో పినౌట్ అని కొడితే 40 పిన్నుల పటం వస్తుంది, ప్రింటు తీసి గోడకి అంటించుకో. ఇంకో మాట. నీ సీనియర్ ఇచ్చిన పాత ప్రోగ్రాంలో, ఎక్స్‌పోర్ట్ అనే ఫైల్లో పిన్ను నంబరు రాసే పద్ధతి ఉంది. లినక్స్ వాళ్ళు దాన్ని 2016లోనే పక్కన పెట్టి కొత్త దారి వేశారు. నువ్వు పైథాన్‌లో జీపీఐఓ జీరో లైబ్రరీతో రాసుకో, పని తేలిక.

ఇక 3.3 వోల్టులు. ఈ బోర్డు పిన్నులకి అదే హద్దు. పక్కనే 5 వోల్టుల పిన్నులు రెండున్నాయి, అవి పవర్ ఇవ్వడానికే. ట్యాంకు మూతకి పెడతానన్న అల్ట్రాసోనిక్ సెన్సర్, అదే చప్పుడు పంపి ప్రతిధ్వనితో నీళ్ళ ఎత్తు కొలిచేది, తన ఎకో పిన్ను మీద 5 వోల్టులు వదులుతుంది. నా మొదటి బోర్డులో ఒక పిన్ను అలాగే పోయింది. పొగా లేదు, వాసనా లేదు. ఆ పిన్ను మాత్రం ఇక మాట్లాడలేదు, నేను రెండు రోజులు ప్రోగ్రాంని తిట్టుకున్నాను. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు వరసగా వేసి మధ్యలోంచి తీసుకుంటే 3.3కి దిగుతుంది. అసలైతే ఆ సెన్సర్ వద్దంటాను. ట్యాంకు లోపల చెమ్మకి ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం. పైన ఒకటి, కింద ఒకటి, నీళ్ళతో పాటు తేలి మూసుకునే, తెరుచుకునే ఫ్లోట్ స్విచ్‌లు రెండు చాలు. ఒక్కటే పెడితే నీళ్ళు అలలాడినప్పుడల్లా మోటారు ఆన్, ఆఫ్ కొట్టుకుంటుంది.

అన్నిటికన్నా పెద్ద సున్నా చుట్టింది నీ బొమ్మలో సెన్సర్‌తో పాటు గీసిన ఫ్లోట్ స్విచ్ వైరు దగ్గరే. స్విచ్ మూసుకున్నప్పుడు పిన్ను గ్రౌండుకి తగులుతుంది, బాగానే ఉంది. తెరుచుకున్నప్పుడు దేనికి తగులుతుంది? దేనికీ తగలదు. అలాంటి పిన్ను పలుపు విప్పేసిన దూడ లాంటిది, ఎటైనా పోతుంది. నమ్మకపోతే ఒక ఉత్త వైరు పిన్నుకి గుచ్చి చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళి చూడు. తాకకుండానే ఒకటి, సున్నా, ఒకటి అని మారుతూ ఉంటుంది. ఒకటి అంటే పిన్ను మీద 3.3 వోల్టులు ఉన్నట్టు, సున్నా అంటే గ్రౌండుకి తగిలినట్టు. మేడ మీంచి నలభై యాభై అడుగుల వైరు, పక్కనే మోటారు వైరు, అది ఊరికే ఉంటుందా?

అందుకే దానికో పలుపు కట్టాలి. పిన్ను నుంచి 3.3 వోల్టులకి ఒక రెసిస్టర్, దాన్నే పుల్ అప్ అంటారు. స్విచ్ తెరిచి ఉంటే పిన్ను ఒకటి దగ్గరే నిలబడుతుంది, మూస్తే సున్నాకి వస్తుంది. బోర్డు లోపలే ఒకటుంది, ప్రోగ్రాంలో అడిగితే ఇస్తుంది గానీ అది 50 కిలో ఓమ్‌ల చిల్లర దారం. బల్ల మీద బటన్‌కి సరిపోతుంది, ఇంత పొడుగు వైరుకి చాలదు. బయట 4.7 కిలో ఓమ్‌ది వెయ్యి. పిన్నులోకి వెళ్ళే దారిలో ఇంకో 1 కిలో ఓమ్ కూడా వేస్తే పిన్నుకి కాస్త రక్ష.

స్విచ్ ఎటు తిప్పి పెట్టాలో కూడా ముందే ఆలోచించు. ట్యాంకు ఖాళీ అయితే మూసుకునేలా పెట్టు. అప్పుడు పిన్ను సున్నా అంటే నీళ్ళు కావాలని, ఒకటి అంటే వద్దని. అమ్మమ్మ మేడ మీదికి కోతులు రోజూ వస్తాయి, ఏదో ఒక రోజు ఆ వైరు తెంపుతాయి. తెగితే పిన్ను ఒకటికి పోతుంది, మోటారు ఆగుతుంది. తిరగేసి పెట్టావనుకో, వైరు తెగిన రోజు ట్యాంకు పొంగి గోడ తడిసి పక్కింటావిడతో గొడవ.

ఇలాంటి గొడవే నాకు రిలే వైపు వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన వైపు కరెంటు రోజుల తరబడి లేదు. ఒక రాత్రి వచ్చింది. పాత స్టార్టర్‌కి ఒక మంచి గుణం ఉంది, కరెంటు పోతే పడిపోతుంది, మళ్ళీ వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా లేవదు. నేను ఆ పచ్చ బటన్‌ని దాటేసి రిలే పెట్టాను. పైగా నా రిలే బోర్డు సున్నా ఇస్తే ఆన్ అయ్యే రకం, నా ప్రోగ్రాం మొదలవగానే పిన్ను మీద సున్నా పెడుతుంది. బోర్డు లేచింది, మోటారు లేచింది. అన్ని రోజులు ఊరికే ఉండడంతో పైపు అడుగున నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వ్ లోంచి నీళ్ళు దిగిపోయి పైపు ఖాళీగా ఉంది. తెల్లవారేదాకా పొడిగా తిరిగి సీలు కాలింది, వైండింగూ పోయింది. మీ అత్త ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది.

నీ రిలే బోర్డు ఏ రకమో ముందు చూసుకో. సున్నాతో ఆన్ అయ్యేదైతే జీపీఐఓ జీరోలో యాక్టివ్ హై అన్నదాన్ని ఫాల్స్ అని పెట్టు, అప్పుడు మొదట ఆఫ్‌తోనే లేస్తుంది. ఆ రకం బోర్డులకి ఇంకో తంటా ఉంది. 5 వోల్టులతో నడిపితే, నీ పిన్ను ఇచ్చే 3.3 ఒక్కోసారి దాన్ని పూర్తిగా ఆఫ్ చెయ్యలేదు. రెండిటినీ కలిపే చిన్న క్లిప్పు, జంపర్ అంటారు, అది తీసి కాయిల్‌కి 5, ఇన్‌పుట్ వైపుకి 3.3 విడిగా ఇస్తే తీరుతుంది. బోర్డు లేచాక రెండు నిమిషాలు ఏమీ చెయ్యకుండా ఉండమని ప్రోగ్రాంలో రాయి. మోటారు ఏకబిగిన నలభై నిమిషాలు దాటి నడిస్తే ట్యాంకు ఏమన్నా సరే ఆపేయమని రాయి.

మోటారు జోలికి వెళ్ళకముందు రిలే బదులు ఎర్ర ఎల్ఈడీ, 330 ఓమ్ రెసిస్టర్ పెట్టి వారం రోజులు నడుపు. మధ్యమధ్యలో ప్లగ్ పీకి మళ్ళీ పెట్టు. పదిసార్లు పీకితే పదిసార్లూ ఎల్ఈడీ ఆరి ఉండగానే బోర్డు లేవాలి. ఒక్కసారి వెలిగినా నాకు ఫోన్ చెయ్యి. 230 వోల్టుల వైపు మాత్రం నేను వచ్చేదాకా పెట్టె మూత తియ్యొద్దు.

డయోడ్లు, ట్రాన్సిస్టర్లు నా డబ్బాలో ఉన్నాయి, కొనకు. ఫ్లోట్ స్విచ్‌లు నేను బరంపురం వెళ్ళినప్పుడు తెస్తాను. నువ్వు ఆటో, మాన్యువల్ అని రెండు వైపులా తిరిగే సెలెక్టర్ స్విచ్ ఒకటి తీసుకురా. అమ్మమ్మ నిన్న అడిగింది, "వాడి కంప్యూటర్ పాడైతే నేను నీళ్ళకి పక్కింటికెళ్ళాలా?" అని. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉన్నచోటే ఉంటాయని మాటిచ్చాను.

మీ మావయ్య