షాపులో మెరుపు, ఎండలో గీతలు
ప్రశ్న: మా డిటెయిలింగ్ (కార్లను శుభ్రపరిచి మెరుగుపెట్టే) షాపులో నిగనిగలాడిన నల్ల కారు, ఎండలోకి రాగానే సాలెగూడు లాంటి గీతలతో కనబడుతోందని కస్టమర్లు నొచ్చుకుంటున్నారు. లైట్లు మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మార్చాలి. సీలింగు ట్యూబ్‌లైట్ల వెలుగు అంతటా పరుచుకుని సన్నని గీతలను దాచేస్తుంది. ఎండలా ఒకేచోటి నుంచి సూటిగా పడే వెలుగు వాటిని బయటపెడుతుంది. అందువల్ల పాలిష్ చేసేచోట సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే సూచిక) 90 దాటిన, 5000–6500 కెల్విన్ల (పగటి వెలుగు లాంటి తెలుపు) ఎల్‌ఈడీలను పైనే కాక పక్క గోడలకూ బిగించి, కారు బాడీలోని ప్రతి ప్యానెల్‌నూ చేతి లైటుతో వేర్వేరు కోణాల్లో పరీక్షించండి. అంతకుముందు పాలిష్ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ద్రావణంతో తుడవకపోతే, అది గీతల్లో నిండి మిమ్మల్నే మోసగిస్తుంది. ఇప్పుడు ఫ్యాషనైన షడ్భుజాల లైట్లు ఫొటోలకు బాగుంటాయి గాని, తనిఖీకి అవి ఒక్కటే చాలవు. పనికి కారును మీరు తీసుకునేటప్పుడే అదే చేతి లైటుతో యజమానికి గీతలు చూపించి, ఏవి పోతాయో, క్లియర్‌కోట్‌ను (రంగుపై ఉండే పారదర్శక పూతను) దాటి దిగినందున ఏవి మిగులుతాయో రాసివ్వండి. అప్పగింత మాత్రం పగటి వెలుగులోనే చేయండి.