తుప్పు బోల్టు తెగింది, బిల్లు పెరిగింది: మెకానిక్ బండి ఆపేయవచ్చా?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర. నాన్నగారి కాలం నాటి 1997 మోడల్ మహీంద్రా జీపు ఉంది, తోటకు వెళ్లిరావడానికి వాడతాం. ఉప్పుగాలికి కింద భాగమంతా తుప్పు పట్టింది. కమాన్ కట్టల (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగుల) బుష్‌లు మార్చమని విశాఖలో ఒక షెడ్డుకు ఇచ్చాను. 12 వేలవుతుందని నోటిమాటగా చెప్పారు. తర్వాత బోల్టులు రావడం లేదని, నన్ను అడగకుండానే గ్యాస్ కటింగ్ పెట్టారు. ఆ వేడికి పక్కనున్న బ్రేకు హోసు కాలిపోయింది, కట్ట బిగించే బ్రాకెట్టు వంకరపోయింది. ముందు వైపు గ్రైండర్ తగిలి ఛాసిస్ నంబరులో రెండంకెలు అరిగిపోయాయి. ఇప్పుడు 34 వేలు కట్టమంటున్నారు. కట్టేదాకా బండి ఇవ్వరట. పోలీసు కేసు పెట్టవచ్చా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే నిలుస్తుందా?

జవాబు: మీ ఉత్తరమంతా 34 వేల టెన్షనే కనిపిస్తోంది. నన్నడిగితే అసలు తలనొప్పి ఆ రెండంకెలు.

15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కదా. ఆ తనిఖీలో ఆర్సీలో ఉన్న నంబరునూ, ఇనుము మీదున్న నంబరునూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే దొంగబండేమోనన్న అనుమానం ముందు మీ మీదికే వస్తుంది. 'అచ్చులు మా దగ్గరున్నాయి, రెండు దెబ్బల్లో కొట్టేస్తాం' అనేవాళ్లు షెడ్ల దగ్గర దొరుకుతారు. పొరపాటున కూడా ఒప్పుకోకండి. రవాణా శాఖ అనుమతి లేకుండా మళ్లీ నంబరు కొట్టిస్తే, ఇప్పటిదాకా ప్రమాదంగా ఉన్నది రేపు మీరు చేసిన నేరంలా కనిపిస్తుంది. అరిగిన చోట దగ్గరగా ఫొటోలు తీయండి. ఎలా అరిగిందో షెడ్డువాళ్ల చేత ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించండి. ఇవ్వనంటే, ఆ ఇవ్వనన్న మాటనే వాట్సాప్‌లో వచ్చేలా అడగండి. పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా సమాచారమిచ్చి రశీదు తీసుకుని, ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. పాత ఇన్సూరెన్సు, బదిలీ కాగితాల్లో పెన్సిల్‌తో రుద్ది తీసిన ఛాసిస్ ప్రింటు ఉందేమో వెతకండి. దొరికితే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

ఇక బోల్టుల సంగతి. ఇరవై ఏళ్లు పైబడిన జీపులో, అదీ సముద్రపు ఒడ్డున, తుప్పు బోల్టు తెగడం దానంతటదే నిర్లక్ష్యం కాదు. ఎంత మంచి పనివాడి చేతిలోనైనా తెగుతుంది. గ్యాస్ పెట్టడం కూడా ఆ వృత్తిలో ఉన్న పద్ధతే. కమిషన్ చూసేది ఎలా పెట్టారన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మీరు బండి అప్పగించడం బెయిల్‌మెంట్, అంటే ఒక పని కోసం వస్తువును ఇచ్చి, అయ్యాక తిరిగి తీసుకునే ఒప్పందం. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151వ సెక్షన్ అంటుంది. సొంత బండే అయితే ముందు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేసేవాడా కాదా? మంట పెట్టేముందు బ్రేకు హోసు విప్పి పక్కకు పెట్టేవాడా కాదా? మీ కేసంతా ఈ రెండో ప్రశ్న మీద నడుస్తుంది. రబ్బరు హోసు పక్కన మంట పెడితే కాలుతుందని తెలియడానికి నిపుణుడు అక్కర్లేదు. నిపుణుడి సాక్ష్యం ప్రతి నిర్లక్ష్యం కేసులోనూ తప్పనిసరి కాదని, హైదరాబాద్‌కు చెందిన ఒక వైద్య కేసులో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇంకో మెకానిక్ చేత నష్టం అంచనా రాయించుకోండి.

తీసేసిన ముక్కలన్నీ అడిగి తెచ్చుకోండి. అవి మీవే. తెగిన బోల్టు ముఖం చూస్తే కథ చాలావరకు తెలుస్తుంది. అంచు నల్లగా, గోధుమరంగుగా ఉండి మధ్యలో మాత్రమే కొత్త లోహం మెరుస్తుంటే పగులు అంతకు ముందునుంచే ఉందని అర్థం. ఆ ముక్క షెడ్డువాళ్లకు పనికొస్తుంది. బ్రాకెట్టు మీద నీలం, పసుపు ఛాయలు ఉంటే వేడి అక్కడిదాకా పాకిందని అర్థం. అది మీకు పనికొస్తుంది. రెండూ కవర్లో వేసి దాచండి, మీకు నచ్చిందొక్కటే దాచకండి.

బండి ఆపే హక్కు వాళ్లకు ఉందా అంటే, కొంతవరకు ఉంది. చెప్పిన పని చేసినవారు తమకు న్యాయంగా రావాల్సిన కూలి అందేదాకా వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చని 170వ సెక్షన్. కానీ కాల్చిన హోసు మార్చినందుకు, వంచిన బ్రాకెట్టు సరిచేసినందుకు వేసిన బిల్లు న్యాయమైన కూలి కాదు. బండి అమ్మి డబ్బు రాబట్టుకునే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు. మరోవైపు, మొండి బోల్టులతో పెట్టుకున్న అదనపు శ్రమకు కొంత ఇవ్వడం న్యాయమే, 12 వేల దగ్గరే పట్టుబట్టకండి. ముందు బిల్లును పద్దుపద్దుగా రాసివ్వమనండి. ఒప్పుకునే పద్దులు కట్టేస్తామని, మిగతావాటికి అభ్యంతరమని నోటీసు పంపండి. బండి మరీ అవసరమైతే 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, యూపీఐలో పూర్తి మొత్తం కట్టి తెచ్చుకుని, తర్వాత తిరిగి అడగవచ్చు.

పోలీసు కేసు దండగ. ఉద్దేశంతోనో, నష్టం జరుగుతుందని తెలిసో చేస్తేనే అది నేరమవుతుంది. ఇక్కడున్నది అజాగ్రత్త. స్టేషన్‌కు వెళ్లేది నంబరు సంగతి రికార్డులో పెట్టడానికే.

సరైన చోటు జిల్లా వినియోగదారుల కమిషనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇది సేవాలోపం. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన ప్రతిఫలం (సేవకు మీరిచ్చిన డబ్బు) 5 లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని తగాదాలు అక్కడే తేలుతాయి. కేసు వేసినప్పుడే, కొంత మొత్తం జమ చేస్తాను, బండి ఇప్పించండి అని మధ్యంతర ఉత్తర్వు కూడా అడగండి. అదే చట్టంలోని సెక్షన్ 38 ఆ అధికారం ఇస్తుంది. వాట్సాప్ సందేశాలు, ఫొటోలు పెడుతున్నారు కాబట్టి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావాల్సిన, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయండి.

ఎదుటివైపు నుంచి రెండు వాదనలు వస్తాయి. తుప్పు గురించి మీరు ముందే చెప్పలేదంటారు. కింద పడుకుని చూసిన మెకానిక్‌కు కనపడని తుప్పు కాదది, అదే చెప్పండి. రెండోది, జీపును అద్దెకు తిప్పుతున్నారు కాబట్టి మీరు వినియోగదారు కారంటారు. తోటకే వాడతామన్నారు కాబట్టి ఇబ్బంది లేదు. ఎప్పుడైనా అరకు టూరిస్టులను ఎక్కించుకుని డబ్బు తీసుకుని ఉంటే మాత్రం నోటీసు రాసేముందే మీ వకీలుకు చెప్పండి. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవారికి స్వయం ఉపాధి మినహాయింపు చట్టంలో ఉంది, కానీ అది కేసు వేసేటప్పుడే రాయాలి.