టెక్ సందేహాలు: డీఎస్సీ కొత్తది, తాళం పాతది

ఈసారి ఉత్తరాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గోల తక్కువ. పంచాయతీ, మున్సిపల్ టెండర్లను ఆన్‌లైన్‌లో నడిపేవాళ్లు, వేసేవాళ్లు రాసినవే ఎక్కువ. ముందుగా ఒక మాట. ఇక్కడ డీఎస్సీ అంటే టీచర్ పోస్టులు కాదు, డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్.

కృష్ణగిరి జిల్లాలో ఒక టౌన్ పంచాయతీ ఆఫీసులో పనిచేస్తున్నాను. చెత్త తరలింపు టెండరుకు ఐదు బిడ్లు వచ్చాయి. ఈలోగా బిడ్లు తెరవాల్సిన అధికారి డీఎస్సీ గడువు ముగిసింది. అదే యూఎస్‌బీ టోకెన్‌లో కొత్తది వేయించాం. ఇప్పుడు లాగిన్ అవుతోంది కానీ బిడ్ తెరవబోతే డీక్రిప్షన్ ఎర్రర్ వస్తోంది. ఏం చేయాలి?

ముందు ఆ టోకెన్‌ను కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి. ఫార్మాట్ చేయడం గానీ, పాత సర్టిఫికెట్లు తుడిచేయడం గానీ వద్దు.

టెండర్లకు వాడే టోకెన్‌లో మామూలుగా రెండు సర్టిఫికెట్లు ఉంటాయి. ఒకటి సంతకానికి, రెండోది ఎన్‌క్రిప్షన్‌కు, అంటే ఫైలుకు తాళం వేయడానికి. తమిళనాడు, ఒడిశా, కేరళ వంటి రాష్ట్రాలు వాడే, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన టెండర్ వ్యవస్థలో, కాంట్రాక్టర్ బిడ్ వేసేటప్పుడే అతని పత్రాలకు మీ అధికారుల ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో తాళం పడుతుంది. దాన్ని తీసే ప్రైవేట్ కీ మామూలుగా టోకెన్ లోపలే ఉంటుంది. రెన్యువల్ అని మనం అంటాం గానీ, జరిగేది పాతదాని తేదీ పొడిగించడం కాదు. కొత్త కీల జత పుడుతుంది. సంతకం కొత్తదానితో హాయిగా పడుతుంది, అందుకే లాగిన్ అవుతోంది. బిడ్లకు పడింది పాత తాళం, కొత్త కీకి అది లొంగదు.

టోకెన్‌తో వచ్చిన మేనేజర్ సాఫ్ట్‌వేర్ తెరిచి సర్టిఫికెట్ల జాబితా చూడండి. ఒకే పేరుతో నాలుగు కనిపిస్తే మీ అదృష్టం. ఒక్కొక్కటి తెరిచి సీరియల్ నంబరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసుకోండి. పాత ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ తన కీతో సహా అక్కడ ఉంటే, గడువు తీరినా దానికి ఆ తాళం తీసే శక్తి పోదు. ఆ సీరియల్ నంబర్లతో పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కు రాయండి. రెండే కనిపిస్తే మాత్రం, కొత్తది వేసినవాళ్లు టోకెన్‌ను ఇనీషియలైజ్ చేసి, అంటే లోపలున్నదంతా తుడిచేసి ఉంటారు, పాత కీ పోయినట్టే.

అప్పుడు రెండో దారి చూడాలి. టెండర్ పెట్టేటప్పుడు బిడ్ ఓపెనర్లుగా నలుగురి పేర్లిచ్చి, ‘నలుగురిలో ఇద్దరు’ అని ఎంచుకుని ఉంటే మిగతావాళ్లలో ఏ ఇద్దరి టోకెన్లతోనైనా తెరవొచ్చు. ‘ఇద్దరిలో ఇద్దరు’ అని పెట్టి ఉంటే ఆ దారీ మూసుకుపోయింది. బిడ్లు పడ్డాక ఓపెనర్ పేరు మార్చినా తాళం మారదు. పోర్టల్ నడిపేవాళ్ల దగ్గర కూడా మారు తాళంచెవి ఉండదు, ఉంటే ఇంత ఏర్పాటుకు అర్థమే లేదు. కారణం ఫైల్లో రాసి, రద్దు చేసి మళ్లీ పిలవడమే మిగులుతుంది.

ఇకపై టెండర్ ప్రచురించే ముందు ఓపెనర్లందరి సర్టిఫికెట్ గడువు చూడండి. అర్హత పత్రాలుండే టెక్నికల్ కవర్ తెరిచే తేదీ వరకు ఉంటే చాలదు, రేట్లుండే ప్రైస్ కవర్ తెరవడం నెలో రెండు నెలలో ఆలస్యం కావచ్చు. తప్పు పిన్ వరుసగా కొడితే టోకెన్ లాక్ అవుతుంది. షాపువాళ్లు దాన్ని ‘అన్‌లాక్’ చేసిస్తామని ఇనీషియలైజ్ చేస్తే లోపలి కీలన్నీ పోతాయి. అధికారి టోకెన్‌కు తెల్ల ప్లాస్టర్ చుట్టి, దాని మీద పిన్ నంబరు రాసి, ఆపరేటర్ సొరుగులో పడేసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. ప్రైవేట్ కీ తన అదుపులో ఉంచుకునే బాధ్యత ఐటీ చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ సొంతదారుదే. రేపు ఆడిట్‌లో ‘నేను నొక్కలేదు’ అన్నా సంతకం ఆయనదే.

బరంపురం నుంచి చిన్న కాంట్రాక్టర్‌ను. డ్రెయిన్ పనికి రేట్ల ఫైలు అప్‌లోడ్ చేస్తే చెల్లదని వస్తోంది. అంకెలు సరిగానే వేశాను.

అంకెల కంటే ముందు ఫైలు పేరు చూడండి. బీవోక్యూ (రేట్లు నింపే) ఎక్సెల్ షీటును రెండోసారి డౌన్‌లోడ్ చేసుంటే క్రోమ్ దాని పేరు చివర బ్రాకెట్లో 1 తగిలిస్తుంది. పోర్టల్‌కు తానిచ్చిన పేరే కావాలి, ఒక్క గుర్తు తేడా వచ్చినా తోసేస్తుంది. పాత కాపీ తీసేసి అసలు పేరుతో ఉన్నదే నింపండి.

పేరు బాగానే ఉంటే మాక్రోల సంగతి, అంటే షీటు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ఆపేస్తోంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కింద ఉండే ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టి, అప్పుడు తెరిచి ‘ఎనేబుల్ కంటెంట్’ నొక్కండి. లిబ్రేఆఫీస్, డబ్ల్యూపీఎస్‌లలో ఈ షీట్లు తెరుచుకుంటాయి కానీ సేవ్ చేశాక లోపలి అమరిక చెడొచ్చు. వేరే షీటు నుంచి కాపీ చేసి అతికించడం కూడా వద్దు, గళ్లలో చేత్తో టైప్ చేయండి.

పర్సంటేజ్ టెండర్ అయితే ఇంకో గండం ఉంది. శాతం పక్కన ‘ఎక్సెస్’, ‘లెస్’ ఎంచుకునే చిన్న గడి ఉంటుంది. 8 లక్షల అంచనాకు నాలుగున్నర శాతం లెస్ అంటే రూ. 7,64,000. తొందరలో ఎక్సెస్ పడితే రూ. 8,36,000. తేడా రూ. 72,000. షీటు అడుగున అక్షరాల్లో వచ్చే మొత్తాన్ని పైకి చదివి చూసుకోండి.

కవర్లన్నీ ఎక్కించాక ‘ఫ్రీజ్ బిడ్ సబ్మిషన్’ నొక్కకపోతే బిడ్ వేసినట్టు కాదు. పచ్చ టిక్కులు చూసి పని అయిపోయిందనుకుని లాగౌట్ అయ్యేవాళ్లు ఎక్కువ. ఫ్రీజ్ అయ్యాక బిడ్ ఐడీతో రసీదు వస్తుంది, దాచుకోండి. గడువులోపు రేటు మార్చాలంటే మళ్లీ సమర్పించండి, ‘విత్‌డ్రా’ జోలికి పోవద్దు. వెనక్కి తీసుకుంటే ఆ టెండర్లో మళ్లీ వేయనివ్వదు. ధరావతు ఎన్‌ఈఎఫ్‌టీలో కడితే చలానాలో ఉన్న మొత్తం పైసా తేడా లేకుండా పంపాలి, జమ పడ్డట్టు పోర్టల్‌కు తెలియడానికి వ్యవధి కావాలి కాబట్టి ముందురోజే కట్టేయండి. పీడీఎఫ్‌లు బరువైతే 300 డీపీఐ కలర్ బదులు 150 డీపీఐ గ్రేలో స్కాన్ చేయండి, పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి, అక్షరాలు చదవడానికి వస్తాయి.

కోనసీమలో పంచాయతీ కార్యదర్శిని. వీధి దీపాలు ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో కొనాలనుకుంటున్నాం. నేరుగా కొనొచ్చా, బిడ్ పెట్టాలా?

2016లో మొదలైన జెమ్‌లో మూడు దారులున్నాయి: నేరుగా కొనడం, పోల్చి ఎల్1 (అతి తక్కువ ధర ఉన్నవారు) దగ్గర కొనడం, బిడ్ లేదా రివర్స్ వేలం (రేటు తగ్గిస్తూ పోయే వేలం). కేంద్ర సాధారణ ఆర్థిక నియమాల్లో (జీఎఫ్‌ఆర్ 2017) మొదట నేరుగా కొనడానికి పరిమితి రూ. 50 వేలు, పోలికకు రూ. 30 లక్షలు ఉండేది. 2019లో వాటిని రూ. 25 వేలు, రూ. 5 లక్షలకు తగ్గించారు. తర్వాత వాటిని రూ. 50 వేలు, రూ. 10 లక్షలకు పెంచారు. అయితే అవి కేంద్రం నియమాలు. పంచాయతీని కట్టిపడేసేది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులు, మీ పంచాయతీ తీర్మానం. తెర మీద బటన్ కనిపించింది కదా అని నొక్కవద్దు, ముందు పరిమితి ఎంతో డివిజనల్ పంచాయతీ అధికారి ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోండి.

పోలిక దారిలో వేర్వేరు తయారీదారుల వస్తువులు మూడైనా ఉండాలి. ఎవరో సేల్స్‌మ్యాన్ ఇచ్చిన కాగితం చూసి వాట్లు, ల్యూమెన్లు, రంగు, బాడీ లోహం, వారంటీ అన్నీ ఫిల్టర్లో బిగిస్తే చివరికి ఒక్క కంపెనీ దీపమే మిగులుతుంది. ఆ కాగితం అసలు ఉద్దేశం కూడా అదే. వాట్లు, ల్యూమెన్లు, నీరు చొరకుండా ఐపీ66, వారంటీ ఏళ్లు పెట్టి మిగతావి వదిలేయండి. లక్షన్నర ఆర్డరును మూడు ముక్కలు చేసి పరిమితిలోకి దించాలనే ఆలోచన కూడా వద్దు. ఒకే నెలలో ఒకే వస్తువుకు మూడు ఆర్డర్లు ఆడిటర్‌కు వెతక్కుండానే దొరుకుతాయి.

జెమ్ లాగిన్ కోసం తిరగనక్కర్లేదు. 2023 ఏప్రిల్ 24న పంచాయతీల లెక్కల పోర్టల్ ఈగ్రామ్‌స్వరాజ్‌ను జెమ్‌తో కలిపారు, ఆ లాగిన్‌తోనే వెళ్లొచ్చు. సరుకు దిగాక మాత్రం జాగ్రత్త. అందినట్టు తాత్కాలిక రసీదు వేరు, పరీక్షించి ఒప్పుకున్నట్టిచ్చే సీఆర్‌ఏసీ వేరు. రెండోదానికి పది రోజుల గడువుంటుంది. ఆ లోపు దీపాలు ఒక రాత్రైనా వెలిగించి చూడండి, దాని మీదే చెల్లింపు ఆధారపడుతుంది.

మున్సిపాలిటీ బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కోశారు. నా ఖాతాలో కనిపించడం లేదు. (ఖమ్మం)

జీఎస్టీ కాకుండా కాంట్రాక్టు విలువ రూ. 2.5 లక్షలు దాటితే స్థానిక సంస్థలు 2 శాతం కోయాలి. మున్సిపాలిటీ జీఎస్‌టీఆర్-7 దాఖలు చేయడానికి తర్వాతి నెల 10 వరకు గడువు. చేశాక కూడా డబ్బు దానంతటది రాదు. జీఎస్టీ పోర్టల్‌లో రిటర్న్స్ కింద ‘టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్’ తెరిచి మీరు ‘యాక్సెప్ట్’ కొట్టి దాఖలు చేస్తేనే క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. అక్కడ మీ పద్దే లేకపోతే వాళ్లు మీ జీఎస్టీ నంబరు తప్పు కొట్టారేమో అడగండి. ఆదాయపు పన్ను టీడీఎస్ వేరే లెక్క, దాన్ని 26ఏఎస్‌లో వెతకాలి.

మా ఊరి పంచాయతీ ఎవరికి ఎంత చెల్లించిందో లాగిన్ లేకుండా చూడొచ్చా?

చూడొచ్చు. ఈగ్రామ్‌స్వరాజ్ సైట్‌లో అకౌంటింగ్ నివేదికలు తెరిచి ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ వెళ్తే వోచర్లు వస్తాయి. ఫోన్‌లోనైతే ‘మేరీ పంచాయతీ’ యాప్ ఉంది. ఊరి పేరు దొరక్కపోతే ఇంగ్లిష్ స్పెల్లింగ్ మార్చి చూడండి, మనం రాసే స్పెల్లింగ్, రికార్డులో ఉన్నది చాలాసార్లు ఒకటి కావు. అక్కడ వోచర్ తేదీ, మొత్తం తెలుస్తాయి. పని కొలతలు కావాలంటే ఎం-బుక్ (కొలతల పుస్తకం) చూడాలి, అందుకు వోచర్ నంబరు రాసి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోండి.