“పోనీలే” అనకండమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. రెండో సెమిస్టర్ చదువుతున్నాడు. ప్రాజెక్టులో తోటివాళ్లు వాడి యాసని, రంగుని వెక్కిరిస్తున్నారట. ఒక రాత్రి బస్‌స్టాప్‌లో ఎవరో “మీ దేశం పో” అని అరిచి మీద కూల్‌డ్రింక్ పోశారట. అప్పటినుంచి నిద్ర లేదు, క్లాసులకి వెళ్లడం లేదు. వాళ్ల నాన్నగారు “లోన్ తెచ్చి పంపాం, పట్టించుకోకుండా చదువుకో” అంటున్నారు. నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఈ సంగతి మీతో చెప్పాడు. చాలామంది పిల్లలు “తిన్నాను, బాగున్నాను” అని ఫోన్ పెట్టేస్తారు. “నువ్వేమైనా అన్నావా? అంత రాత్రివేళ ఎందుకెళ్లావు?” అని అడిగితే ఇకమీదట మీకూ చెప్పడు. “వాళ్లు చేసింది తప్పు, నీ తప్పేం లేదు” అనండి. ఒక్కసారి అంటే సరిపోదు, మళ్లీ మళ్లీ అనండి.

నేను బరంపురంలో ఒడియా బడిలో చదివాను. అక్కడ నన్ను “తెలెంగా” అని వెక్కిరించేవారు. ఇంటికొచ్చి ఏడిస్తే మా అమ్మ “పోనీలే” అంది. ఆ తర్వాత ఇంట్లో చెప్పడం మానేశాను, క్లాసులో చెయ్యెత్తడం కూడా మానేశాను. బాబుకి తగిలింది అంతకంటే చాలా పెద్ద దెబ్బ. పైగా సాయంత్రం తిరిగొచ్చేసరికి అక్కడ అమ్మ కూడా ఉండదు.

ఇలాంటి అవమానం ఒంట్లోకి దిగుతుంది. నిద్ర పట్టదు, వెనక అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడతారు, చదివింది తలకెక్కదు. రోజూ ఎదురయ్యే చిన్నచిన్న చిన్నచూపులకి 1970లోనే చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి సైకియాట్రిస్టు ‘మైక్రోఅగ్రెషన్’ అని పేరు పెట్టారు. విడిగా చూస్తే చిన్నవే, రోజూ పడేవాళ్లకి మాత్రం బరువు పెరుగుతూనే ఉంటుంది. ఇది బద్ధకం కాదని మీవారికి చెప్పండి.

లోన్ గురించి ఆయన భయం న్యాయమైనదే. అందుకే ఈ విషయం దాచకూడదు. ఎవరికీ చెప్పకుండా కోర్సులు వదిలేస్తే ఎఫ్-1 (స్టూడెంట్) వీసా స్టేటస్ దెబ్బతింటుంది. అదే డాక్టరో లైసెన్సున్న సైకాలజిస్టో లెటర్ ఇస్తే, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు అనుమతితో కోర్సులు తగ్గించుకోవచ్చు. మొత్తం 12 నెలల వరకు వీలుంటుంది. అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. కాబట్టి ఈ వారంలోనే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోమనండి.

ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో తేదీలతో రాసి పెట్టుకోమనండి, మెసేజ్‌లుంటే డిలీట్ చెయ్యొద్దనండి. అమెరికా కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో జాతి, రంగు, పుట్టిన దేశం పేరుతో వివక్ష చూపకూడదని 1964 నాటి పౌరహక్కుల చట్టం చెబుతోంది. యూనివర్సిటీలోనే కాక, అక్కడి విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకి కూడా సంఘటన జరిగిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యొచ్చు. చెయ్యాలా వద్దా అన్నది బాబే తేల్చుకోవాలి, మీరు తొందరపెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. “బతకాలని లేదు” లాంటి మాట వస్తే, ఏ వేళైనా సరే అక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యమనండి. గదిలో ఉండే స్నేహితుడి నంబరు మీ దగ్గర పెట్టుకోండి. మీకే గుండె దడగా ఉంటే మన దగ్గర మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఉచితం.

ఈరోజు సాయంత్రం ఫోన్ చేసేటప్పుడు మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయనేమీ మాట్లాడక్కర్లేదు. బాబు చెప్పేది చివరిదాకా వింటే చాలు.