న్యూజెర్సీలో బీరపాదు: కొత్తగా వచ్చిన అమ్మాయికి జవాబు

నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. నాకు కూతురి లాంటిదానివి. నీ ఉత్తరంలో నాలుగు సందేహాలున్నాయి. ఇంటి వెనక చిన్న పేషియోలో మన కూరగాయలు పండుతాయా, విత్తనాలు ఎప్పుడు వేయాలి, కరివేపాకు మొక్క ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా, మూడేళ్ల పిల్లాడిని పెట్టుకుని రోజూ వంట త్వరగా తెమిలేదెలా అని. అన్నిటికీ చెప్తాను. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "ఆయన ఆఫీసుకి వెళ్లాక సాయంత్రం దాకా పెద్దవాళ్లతో ఒక్క మాట మాట్లాడే పనే ఉండదు" అని. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మిగతావన్నీ దాని తర్వాతే.

నేను 2003 జనవరిలో, ఆయన ఉద్యోగ వీసా వెంట భార్యకిచ్చే హెచ్4 వీసా మీద, ఎడిసన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌కి వచ్చాను. అప్పట్లో ఆ వీసా మీద వచ్చినవాళ్లకి ఉద్యోగం అనే మాటే లేదు. 2015లో రూలు మారి కొందరికి వీలు దొరికింది. నీకు వర్తిస్తుందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకో, ఇక్కడ అది వివరించను. నాకు గుర్తున్నది ఆ మధ్యాహ్నాలు. రెండింటికి అమ్మతో మాట్లాడాలనిపించేది, అక్కడ చూస్తే అర్ధరాత్రి. ఫోన్ కార్డు చేతిలో పట్టుకుని సాయంత్రం కోసం కూర్చునేదాన్ని. మీకిప్పుడు వీడియో కాల్ ఉంది, కూరగాయలు ఇంటికే తెచ్చిచ్చేవాళ్లున్నారు. అయినా నీ ఉత్తరం చదివితే ఆ మధ్యాహ్నం మాత్రం అలాగే ఉందని తెలిసింది.

ఆ ఏడాది ఏప్రిల్ 2న ఉగాది. ఎండ బాగా కాసింది. మన దగ్గర ఉగాది నాటికి ఎండాకాలమే కదా అనుకుని మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో కొన్న బీర, పుంటికూర విత్తనాలు ఐదు కుండీల్లో వేసి బాల్కనీలో పెట్టాను. పుంటికూర అంటే మీ గోంగూరే, మా కరీంనగర్ వైపు అలా అంటాం. సోమవారం నిద్ర లేచి చూస్తే కుండీల మీద మంచు. అది కరిగింది గానీ విత్తనం ఒక్కటీ లేవలేదు, మట్టిలోనే కుళ్లిపోయాయి. ఈ దేశం నాకు అచ్చి రాదేమోనని ఆ రోజంతా ఏడ్చాను. తప్పు దేశానిది కాదు, నా పంచాంగానిది.

ఇక్కడ మే రెండో ఆదివారం, మదర్స్ డే దాటాకే మన మొక్కలు బయటికి రావాలి. న్యూజెర్సీలో చాలా చోట్ల ఆఖరి మంచుకాటు ఏప్రిల్ చివరి నుంచి మే సగం దాకా ఎప్పుడైనా పడొచ్చు. విత్తనాల పాకెట్ మీద, నర్సరీల్లో జోన్ నంబరు అని ఒకటి చెప్తారు. అది శీతాకాలం చలి ఎంత లోతుకి పోతుందో చెప్తుంది గానీ విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పదు. టమాటా, వంకాయ, మిర్చి మార్చి రెండో సగంలో ఇంట్లోనే కప్పుల్లో వేసుకో. బీర, సొర, దోస లాంటివి ఏప్రిల్ మూడో వారంలో వేస్తే చాలు. ముందే వేస్తే తీగ సాగిపోయి కప్పులోనే అల్లుకుంటుంది, వాటి వేరు కదిలిస్తే అలుగుతుంది. బయటపెట్టే ముందు వారం పది రోజులు పగలు నీడలో కాసేపు ఉంచి లోపలికి తెచ్చేయాలి. బెండ, పుంటికూర నేల వెచ్చబడ్డాక జూన్ మొదట్లో నేరుగా వేసినా పర్లేదు, పరుగెత్తి అందుకుంటాయి. మెంతికూర, కొత్తిమీర దీనికి తలకిందులు. వాటికి చల్లదనం కావాలి. ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబర్లో ఒకసారి వెయ్యి. జులైలో వేస్తే కొత్తిమీర ఆకు చూసేలోపే పువ్వు కడుతుంది.

మంచు కంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

వచ్చిన రెండో నెలలో ఒకరోజు పప్పుకి ఎండుమిర్చి పోపు వేశాను. పొగ అలారం మోగింది, ఆగదు. ఈ అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీద ఫ్యాన్ చాలా చోట్ల గాలిని బయటికి పంపదు, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదుల్తుంది. ఆ సంగతి నాకు తెలీదు. కిటికీ తెరిచి, తువ్వాలుతో విసిరి, ఎలాగో ఆపాను. అంతలో తలుపు కొట్టారు. కన్నంలోంచి చూస్తే ఎదురింటి పెద్దావిడ. పోట్లాటకి వచ్చిందనుకున్నాను. నాకున్న ఇంగ్లీషుతో ఏం చెప్పాలో తోచక, ఊపిరి బిగబట్టి తలుపు వెనకే నిలబడ్డాను. ఆవిడ మళ్లీ కొట్టింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. ఆ తర్వాత ఐదు నెలలు ఆవిడ మెట్ల మీద కనిపిస్తే తల దించుకుని దాటిపోయాను.

జులైలో అపార్ట్‌మెంట్ దారి పక్కన రాళ్ల సందుల్లో గంగవాయిలి కూర కనిపించింది. పాయలాకు అంటే నీకు తెలుస్తుందేమో. ప్రాణం లేచొచ్చింది. కూర్చుని కొంగులోకి తెంపుతుంటే ఆ పెద్దావిడ "నో, నో" అంటూ పరుగున వచ్చింది. చెయ్యి పట్టుకుని లేపి, పచ్చికలో గుచ్చిన చిన్న జెండా చూపించింది. ముందురోజే అక్కడ కలుపుమందు కొట్టారని అర్థం. ఇక్కడ పచ్చికకి మందులు కొడుతూనే ఉంటారు, దారి పక్క ఆకు ఎంత బాగున్నా తెంపొద్దు. పైగా దాని లాగే నేలకి పరుచుకునే మరో కలుపు ఉంది, తుంచితే పాలు కారుతాయి, అది విషం. గంగవాయిలి కాడ తుంచితే నీరే వస్తుంది, పాలు రావు. కుండీలో వేసుకుంటే ఏ భయమూ ఉండదు.

ఆవిడది దక్షిణ ఇటలీ. వాళ్ల ఊళ్లో ఆ ఆకు పచ్చిదే టమాటాతో కలిపి తింటారట. ఆ రోజే చెప్పింది, ఫిబ్రవరిలో తలుపు కొట్టింది నాకేమైనా అయిందేమోనన్న భయంతోనని. భర్త పోయి రెండేళ్లయింది, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. గోడకి అటు ఆవిడ ఒంటరిగా, ఇటు నేను ఒంటరిగా, మధ్యలో తెరవని తలుపు. ఐదు నెలలు పారేసుకున్నాను. ఇరవై ఏళ్లు దాటినా అది మర్చిపోలేదు. అందుకే అడుగుతున్నాను, మీ అటుపక్క ఇంట్లో ఎవరుంటారో నీకు తెలుసా?

ఆవిడే నాకు టమాటా నేర్పింది. నారు నాటేటప్పుడు కింది ఆకులు తీసేసి కాండం సగం దాకా మట్టిలో పూడ్చాలి, పూడ్చిన చోటల్లా వేరు వస్తుంది. రట్గర్స్ అనే రకం ఇచ్చింది. 1934లో ఇక్కడి యూనివర్సిటీ వాళ్లే విడుదల చేసిన రకం, పుల్లగా తియ్యగా పప్పుకి సరిగ్గా సరిపోతుంది. ఐదు గ్యాలన్ల బకెట్టుకి అడుగున కన్నాలు పెట్టి ఒక్కో మొక్క వేసుకో. అంతకంటే చిన్నదైతే జులైలో రోజుకి రెండుసార్లు నీళ్లు పోసినా వాడిపోతుంది.

కరివేపాకు సంగతి. ఊరి నుంచి మొక్క గానీ పచ్చి ఆకు గానీ తేవద్దు, నిషేధం. నిమ్మజాతి చెట్లని చంపే తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. విత్తనాలకీ రూల్స్ ఉన్నాయి, అమెరికా వ్యవసాయ శాఖ సైట్లో చూడు. ఇక్కడే నర్సరీలో చిన్నది కొనుక్కో. రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి రాగానే లోపలికి తెచ్చెయ్. లోపల ఆకులు రాలుస్తుంది, భయపడొద్దు, నిద్రపోతోందంతే. నేను నా మొదటి మొక్కని చంపింది అప్పుడే. ఇంట్లో పచ్చగా ఉన్నది అదొక్కటే, రోజూ దాని దగ్గర కూర్చుని మాట్లాడుతూ చెంబుడు నీళ్లు పోసేదాన్ని. ఫిబ్రవరికి వేరు కుళ్లిపోయింది. చలికాలంలో మట్టి పైన రెండంగుళాలు ఎండాకే నీళ్లు. పోయాలనిపించినప్పుడల్లా కోటు వేసుకుని పిల్లాడితో లైబ్రరీకి నడువు. అక్కడ చిన్నపిల్లలకి కథలు చదివే రోజులుంటాయి, నీలాంటి తల్లులు పదిమంది కనిపిస్తారు.

బీరపాదు గురించి నువ్వు అడగలేదు గానీ అడుగుతావు. జులైలో పూలు విరగబూస్తాయి, పిందె ఉండదు. ముందొచ్చేవన్నీ మగపూలు. దండగ పూలని నేను ఒక ఏడాది వాటిని రోజూ గిల్లేశాను, తీరా ఆడపూలు వచ్చేసరికి మగపువ్వు లేదు. పువ్వు వెనక సన్నని బుజ్జి బీరకాయ ఉంటే అది ఆడది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పటికే ఇల్లు చేరుతుంటాయి. మగపువ్వు తెంపి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దు. మీవారు వచ్చే వేళే కదా, పిల్లాడి చేతికిచ్చి ముగ్గురూ కలిసి చేయండి. మా ఇంట్లో ఎంత అలసిపోయి వచ్చినా ఆ పావుగంట అందరం పెరట్లోనే ఉండేవాళ్లం.

తీగ పందిరి వేసే ముందు మీ టౌన్‌హౌస్ అసోసియేషన్ రూల్స్ చదువు. నేలలో వేసేటట్టయితే మట్టి పరీక్షకి రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌కి పంపు, 1978కి ముందు కట్టిన ఇళ్ల పక్క మట్టిలో పాత పెయింట్ సీసం ఉండొచ్చు. మొక్కలు తినేసే జింకల గురించి పక్కవాళ్లనే అడుగు, మాట కలపడానికి న్యూజెర్సీలో అంతకంటే మంచి విషయం లేదు.

వంట. మొదటి ఏడాది పొద్దు పోక రోజూ పప్పు, రెండు కూరలు, పచ్చడి, చారు చేసేదాన్ని. నాలుగు గంటలు పొయ్యి దగ్గరే. ఆయన ఎనిమిదింటికి వచ్చి పెరుగన్నం తిని పడుకునేవారు, నాకు మనసు కష్టపెట్టుకోవడానికి అదొకటి. ఆయన తప్పేం లేదు. నేను నా రోజంతా ఆ గిన్నెల్లో పెట్టి మెచ్చుకోమన్నాను. నువ్వలా చేయకు. కుక్కర్లో ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో కందిపప్పు, అందులోనే చేతికందిన ఆకు. ఇవాళ తోటకూర, రేపు బచ్చలి, ఎల్లుండి టమాటా. బీరకాయ వండిన రోజు తొక్కు పారేయకుండా రెండు పచ్చిమిర్చి, కాస్త చింతపండుతో వేయించి నూరితే మర్నాటికీ వస్తుంది. పుంటికూర ఆగస్టులో మోపులు మోపులు వస్తుంది, నీళ్లు ఇగిరేదాకా మగ్గబెట్టి చిన్న సంచుల్లో పలచగా సర్ది ఫ్రీజర్లో పెడితే జనవరిలో పప్పులో వేసుకోవచ్చు. చలికాలం పెరుగు తోడుకోకపోతే, ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో ఉంచు. పిల్లాడు తినడంటున్నావు, తను తెంపిన బెండకాయ అయితే ఒక్కటైనా కొరుకుతాడు. మా చిన్నది అలాగే మొదలుపెట్టింది. పోపు పెట్టే ముందు కిటికీ తెరువు. అయినా అలారం మోగి ఎవరైనా తలుపు కొడితే, చేతిలో గరిటె ఉన్నా సరే, వెళ్లి తెరువు.

డబ్బు మిగులుతుందా అని మీవారు అడిగారని రాశావు. మొదటి ఏడాది మిగలదని చెప్పు. బకెట్లు, మట్టి, ఎరువు కొన్న ఖర్చుకి ఆ కూరగాయలు షాపులోనే వచ్చేవి. కానీ ఒక సొరపాదు కాపుకొస్తే ముగ్గురు తినలేరు, ఎవరికో ఒకరికి ఇవ్వక తప్పదు. నాకు ఈ దేశంలో ఉన్న స్నేహాల్లో సగం అలా సొరకాయ పట్టుకుని ఎక్కిన గుమ్మాల్లోంచి వచ్చినవే. మీ ఊరి మున్సిపాలిటీ కమ్యూనిటీ గార్డెన్‌లో ప్లాట్లు ఇస్తుందేమో కనుక్కో. పేషియోలో చోటు ఉన్నా సరే ఒకటి తీసుకో, పక్క ప్లాటులో మనుషులుంటారు.

ఇప్పుడు మార్చి నడుస్తోంది. ఈ శనివారం టమాటా విత్తనాలు వేసేటప్పుడు నీకు నాలుగు కప్పులు చాలు. ఇంకో రెండు వెయ్యి. వాటి మీద పక్కింటి నంబరు రాసి కిటికీలో పెట్టు. మే నెలకి జానెడు ఎదుగుతాయి, అప్పుడు తీసుకెళ్లి ఇవ్వు.