పొలాల దారిన నడవబోయే మా అల్లుడికి

అల్లుడూ,

రోజంతా పొలాల మీదుగా, ఊళ్ల మీదుగా నడవడానికి మొదటిసారి బయలుదేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. "కొండలా, అడవులా? పొలాలే కదా, దీనికి కూడా మావయ్యను అడగాలా" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. కొండెక్కేవాడు నాలుగు రోజుల ముందు నుంచే సామాను సర్దుకుంటాడు. పొలం దారిన పోయేవాడు సగం సీసా నీళ్లు పట్టుకుని బయలుదేరేస్తాడు. ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాను. నేను దారి తప్పినా, దెబ్బ తగిలించుకున్నా, అన్నీ "ఆ, ఏముందిలే" అనుకున్న దారుల్లోనే.

ముందు టైం సంగతి. మ్యాప్‌లో 14 కిలోమీటర్లు కనబడగానే, గంటకు ఐదు చొప్పున మూడు గంటల్లోపే అయిపోతుందని లెక్క వేసేసి ఉంటావు. మిట్టపల్లాల నేల అలా లొంగదు. ఒక్కో మిట్ట 40 మీటర్లే ఉంటుంది, చూస్తే లెక్కలోకే రాదు. అలాంటివి ఎనిమిది ఎక్కి దిగావంటే మొత్తం 320 మీటర్లు ఎక్కినట్టు. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ ప్రకారం నీ దారికి 3 గంటల 20 నిమిషాలు. అది కూడా ఎక్కడా ఆగకుండా గట్టిగా నడిచేవాడికి. బురద, గేట్లు, ఎవరో పలకరిస్తే నాలుగు మాటలు, చెట్టు కింద కాసేపు నడుం వాల్చడం, ఇవన్నీ కలిపి నేనైతే ఐదు గంటలు వేసుకుంటాను. చీకటి పడటానికి కనీసం రెండు గంటల ముందే నడక పూర్తయ్యేలా చూసుకో.

మ్యాప్ దొరికితే 1:25,000 స్కేలుది తీసుకో. అందులో కిలోమీటరు అంటే 4 సెంటీమీటర్లు, కాబట్టి చిన్న బాటలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. 1:50,000లో అదే కిలోమీటరు 2 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకో. కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే గీతలు, పది మీటర్లకు ఒకటి చొప్పున వేస్తే, ఎనిమిది మీటర్ల మిట్ట రెండు గీతల మధ్య ఇరుక్కుని మ్యాప్‌లో అసలు కనిపించకపోవచ్చు. అవతల ఉన్న ఊరిని నీకు కనబడకుండా చేయడానికి ఆ ఎనిమిది మీటర్లు చాలు.

ఇలాంటి నేల మీద దారి తప్పేది ఇలాగే. మిట్ట మీద నిలబడితే ఎదురుగా ఊరు, నీళ్ల ట్యాంకు, చెట్ల వరుస అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. ధైర్యంగా పల్లంలోకి దిగుతావు. దిగగానే అన్నీ మాయం. చుట్టూ పైరు, పైన ఆకాశం, అంతే. బాట రెండుగా చీలేది కూడా సరిగ్గా అక్కడే. అందుకని మిట్ట మీద ఉన్నప్పుడే రెండు నిమిషాలు ఆగు. పల్లంలోకి దిగాక కూడా కనిపించేంత ఎత్తున్న గుర్తు ఒకటి ఎంచుకో. లేకపోతే ఎండ ఏ చెంప మీద పడుతోందో చూసి పెట్టుకో. ప్రతి చీలిక దగ్గరా ఒకసారి వెనక్కి తిరిగి చూడు. వచ్చిన దారే అయినా ఎదురు వైపు నుంచి చూస్తే కొత్తగా ఉంటుంది. తిరిగి రావలసి వస్తే ఆ చూపే దిక్కు.

ఫోన్ వద్దనను. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. పల్లాల్లో సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకో.

దారి అడగాల్సి వస్తే "ఇది ఫలానా ఊరికేనా?" అని అడగకు. సగం మంది "ఆఁ, ఇదే" అనేస్తారు, నీ మీద ప్రేమతోనే. "ఫలానా ఊరికి ఎటు పోవాలి?" అని అడిగి చెయ్యి ఎటు చూపిస్తారో చూడు. "ఎంత దూరం?" అన్నా "దగ్గరే" అంటారు. "మీరు నడిస్తే ఎంతసేపు పడుతుంది?" అని అడుగు, దానికి మరో పావు వంతు కలుపుకో.

ఇంకో సంగతి. నీకది వాకింగ్, వాళ్లకు పని జరిగే చోటు. గేటు ఎలా ఉంటే అలాగే వదులు. మూసి ఉంటే మూసెయ్యి, తెరిచి ఉంటే తెరిచే ఉంచు. తెరిచి ఉన్నదాన్ని మర్యాద అనుకుని మూశావంటే అవతల పశువులకు నీళ్లు అందకపోవచ్చు. బాట పైరులోంచి పోతుంటే ఒకరి వెనక ఒకరు నడవండి. గడ్డే కదా అని పక్కకు పోకు, ఆ గడ్డి కూడా కోసుకోవడానికి పెంచిందే కావచ్చు. ట్రాక్టరు వస్తే పూర్తిగా పక్కకు తప్పుకుని, డ్రైవరు నిన్ను చూశాడని నమ్మకం కుదిరాకే కదులు. మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తోందో చూసి, అటు కాకుండా చుట్టూ తిరిగి పో, లేదా అయ్యేదాకా ఆగు. కొత్తగా దున్నిన చేలో అడ్డంగా పడి పోదామనుకుంటావేమో, ఒకసారి నేనూ పోయాను. తడి బంకమట్టి ఒక్కో బూటుకూ ఇటుకలా పట్టుకుంది. మిగిల్చిందేమీ లేకపోగా అరగంట పోయింది.

ఇక పశువులు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు. కోడెదూడలు గుంపుగా పరిగెత్తుకొస్తే చాలావరకు అది ఉబలాటమే. పరిగెత్తకు. వాటి వైపు తిరిగి, చేతులు చాపి, మామూలు గొంతుతో మాట్లాడితే ఆగిపోతాయి. దూడ ఉన్న ఆవు సంగతి వేరు. ఒకసారి నేను గట్టు వెంట పోతుంటే ఎడమ వైపు ఆవు, కుడి వైపు గడ్డిలో పడుకున్న దూడ. దూడను నేను చూడలేదు, ఆవు మాత్రం నన్ను చూసింది. తల దించి బుస్సుమంది. కంచె దూకబోయి మోకాలు చీరుకుంది, ఆ మచ్చ నువ్వు చూశావుగా, "మెట్ల మీద జారాను" అని చెప్పానే, అదే. తల్లికీ బిడ్డకూ మధ్య ఎప్పుడూ నడవకు. మంద పక్క నుంచి చుట్టూ తిరిగి పో, బాట వదలాల్సి వచ్చినా సరే. నీ కుక్కను తీసుకెళ్తానన్నావట. మంద దగ్గర తాడు పొట్టిగా పట్టుకో, కానీ ఆవు మీదికొస్తే తాడు వదిలెయ్యి. ఆవుకు కోపం కుక్క మీద. కుక్క పరుగెత్తి తప్పించుకుంటుంది, నువ్వు తప్పించుకోలేవు. గొర్రెల కాపలా కుక్కలుంటే వాటికీ మందకూ మధ్యలోకి పోకు.

పాదాల గురించి ఎక్కువ చెప్పను. కొత్త బూట్లు వద్దు. కాటన్ మేజోళ్లు చెమట పట్టుకుని చర్మాన్ని ఒరిపిస్తాయి, ఉన్ని కలిసినవి మేలు. దిగుడులో బొటనవేలు బూటుకు కొట్టుకుంటుంది, గోళ్లు ముందు రోజే కత్తిరించుకో. ఎక్కడైనా వేడిగా అనిపిస్తే, ఊరొచ్చాక చూద్దాంలే అనుకోకుండా అప్పుడే కూర్చుని టేపు వెయ్యి. నీళ్లు గంటకు అర లీటరు, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ.

ఉరుము సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపుంటే మిట్ట దిగిపో, పక్కా ఇల్లు దొరికితే లోపలికి పో. పొలం మధ్య ఒంటరి చెట్టు కిందకు, ఇనప కంచె పక్కకు పోకు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి బయలుదేరు.

ఏ దారిన పోతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఒక కాగితం మీద రాసి మీ అమ్మకు ఇవ్వు. ఆ టైం దాటాక ఎంతసేపు చూసి నాకు ఫోన్ చెయ్యాలో కూడా అందులోనే రాయి. ఆ ఆవు సంగతి మాత్రం తనకు చెప్పకు. తన దృష్టిలో నేను ఇప్పటికీ మెట్ల మీదే జారాను.

మీ మావయ్య