పట్టా చేతిలో ఉన్నా పటంలో రంగు వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో భూ వినియోగం, మాస్టర్ ప్లాన్‌లు, అనుమతుల గురించినవే ఎక్కువ. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు, ఊళ్లు, సర్వే నంబర్లు తొలగించాం.

ప్రశ్న: 2022లో రంగారెడ్డి జిల్లాలో అయిదు గుంటల స్థలం కొన్నాను. అమ్మినవారు నాలా ఉత్తర్వు చూపించి, రేపే ఇల్లు కట్టుకోవచ్చని చెప్పారు. రిజిస్ట్రేషన్‌కూ ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు ఇంటి అనుమతికి దరఖాస్తు చేస్తే, ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌లో (పరిరక్షణకు ఉంచిన ప్రాంతంలో) ఉందని తిరస్కరించారు. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో ఎలా కాదంటుంది?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే గాని, ఆ రెండు ఉత్తర్వులకూ ఒకదానితో ఒకదానికి పేచీ లేదు. నాలా అనే మాట 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను మదింపు చట్టం ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాల నుంచి పుట్టింది. 2006లో ఆ చట్టాన్ని రద్దు చేసి, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చుకునే పద్ధతితో మరో చట్టం తెచ్చినా జనం నోట పాత పేరే నిలిచిపోయింది. (హైదరాబాద్‌లో మురుగు కాలువనూ నాలా అనే అంటారు కనుక, ‘ఈ ప్లాటుకు నాలా ఉందా?’ అని అడిగేటప్పుడు ఏ నాలాయో స్పష్టంగా అడగడం మంచిది.) ఈ మార్పిడి ఉత్తర్వు రెవెన్యూ శాఖ వ్యవహారం. రుసుము తీసుకుని, ఆ భూమి ఇకపై సాగుభూమి కాదని రెవెన్యూ రికార్డులో రాసుకోవడంతో దాని పని పూర్తవుతుంది. ఆ భూమి మీద ఏం కట్టవచ్చో అది చెప్పదు.

ఆ మాట చెప్పేది మాస్టర్ ప్లాన్. 2013 జనవరిలో ప్రభుత్వం ఆమోదించిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2031 ప్రణాళిక తన పరిధిలోని భూములను నివాస జోన్లు, పెరి అర్బన్ (నగరపు అంచు) జోన్, వాణిజ్య జోన్, తయారీ పరిశ్రమల జోన్, కన్జర్వేషన్ జోన్ వంటి విభాగాలుగా పంచి, ఒక్కోదానికి ఒక్కో రంగు వేసింది. అనుమతి ఇచ్చే అధికారి ముందుగా చూసేది ఆ రంగునే. సబ్ రిజిస్ట్రారు చూసేది అమ్మకపు దస్తావేజును, స్టాంపు సుంకాన్ని. కొనుగోలుదారు అక్కడ ఇల్లు కట్టుకోగలడా లేదా అన్నది ఆయన తేల్చే విషయం కాదు. అందువల్ల రిజిస్ట్రేషన్ సాఫీగా జరగడాన్ని అనుమతికి హామీగా భావించడం మన ప్రాంతంలో అత్యంత ఖరీదైన అపోహ.

ఇక దారి ఏమిటంటే, భూ వినియోగ మార్పిడి కోరుతూ హెచ్‌ఎండీఏకు దరఖాస్తు చేయవచ్చు. రోడ్డు సౌకర్యం, చుట్టుపక్కల భూముల వినియోగం, చెరువులు, కాలువలు ఎంత దూరంలో ఉన్నాయన్నది పరిశీలించి నివేదిక రాస్తారు. ప్రతిపాదన ముందుకు సాగితే సాధారణంగా 15 రోజుల గడువుతో అభ్యంతరాలు పిలిచి, ఆ తరువాత పురపాలక శాఖ జీవో ఇచ్చి, మార్పిడి రుసుము కట్టించుకుంటుంది. అయితే చుట్టూ అంతా కన్జర్వేషన్ జోన్‌గా ఉన్నచోట నడిమధ్యన అయిదు గుంటలకు రంగు మార్చమంటే ఒప్పుకునే అవకాశం తక్కువే, ఒప్పుకోకపోవడంలో అర్థమూ ఉంది. ఒక్కొక్క ముక్కకూ మినహాయింపు ఇస్తూ పోతే ఆ పటం గీయడమే దండగ. మీ స్థలం ఉన్న గ్రామం జీవో 111 పరిధిలోని 84 గ్రామాలలో ఒకటైతే మరో జాగ్రత్త కావాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో పెట్టిన ఆ ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా షరతులతో తొలగించినా, ఆ జీవోతో పటంలోని రంగు దానంతటది మారిపోదు.

నా ఉద్దేశంలో మీరు ముందుగా చూడవలసింది అమ్మినవారి వైపు. 500 చదరపు మీటర్లు మించిన స్థలాన్ని ప్లాట్లు చేసి ఎనిమిదికి మించి అమ్మకానికి పెడితే, అభివృద్ధి సంస్థ పరిధిలో దానికి రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీకు అమ్మిన వెంచరుకు లే-అవుట్ అనుమతి నంబరు గాని, రెరా నంబరు గాని లేకపోతే, బ్రోచరు, డబ్బు చెల్లించిన రసీదులు, వాట్సాప్ సందేశాలతో సహా రెరా సంస్థకు ఫిర్యాదు చేయండి. ఇక కొనబోయేవారు బయానా ఇవ్వకముందే సర్వే నంబరు పేర హెచ్‌ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. దానికయ్యే ఖర్చు ఒక పూట స్థలం చూడడానికి కారు మాట్లాడుకునే ఖర్చు వంటిదే.

ప్రశ్న: మా మునిసిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటించింది. అందులో మా అన్నదమ్ముల మూడెకరాలలో కొంత పారిశ్రామిక జోన్‌లోకి, కొంత ప్రతిపాదిత రోడ్డులోకి వెళ్లింది. భూమి పోయినట్టేనా? కౌన్సిలరు గారిని అడిగితే, ‘ఇది ముసాయిదానే, కంగారుపడకండి’ అంటున్నారు.

జవాబు: ముసాయిదా కనుకనే కంగారుపడాలి. తుది ప్రణాళిక వచ్చిన తరువాత పడే కంగారుకు ఫలితం తక్కువ, కోర్టు ఖర్చు ఎక్కువ.

భూమి మాత్రం పోలేదు. పటంలో జోన్ మారినంతమాత్రాన యాజమాన్యం మారదు. మీరు సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాని రేపు అక్కడ ఇల్లు కట్టుకుంటామంటే అనుమతి దొరకదు, కొనేవాడు ఆ రంగును చూపించి ధర తగ్గిస్తాడు. రోడ్డు గీత సంగతి ఇంకొంచెం తీవ్రమైనది. ఆ గీతలో పడిన భాగంలో కట్టడానికి అనుమతించరు. రోడ్డు నిజంగా వేసే రోజున 2013 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారమో, బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు పత్రమో (పోయిన స్థలానికి బదులు మరోచోట అదనంగా కట్టుకునే, లేదా ఇతరులకు అమ్ముకునే హక్కు) ఇచ్చి తీసుకోవాలి. ప్రైవేటు భూమిని ప్రణాళికలో ప్రజావసరానికి చూపించవచ్చు గాని, సేకరించకుండా యజమానికి దాని అనుభవం లేకుండా చేయరాదని పుణెలోని ఒక తోట స్థలం కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. గీత గీసిన రోజుకూ రోడ్డు పడే రోజుకూ మధ్య ఒక తరం గడిచిపోవచ్చునన్నదే అసలు బాధ.

కామారెడ్డి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 చివర అక్కడి ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లోకి వెళ్లాయని చుట్టుపక్కల గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు. ఒక రైతు ప్రాణం పోయింది. కలెక్టరేట్ ముట్టడి వరకూ వెళ్లింది. 2023 జనవరిలో మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది, జగిత్యాలలోనూ అదే జరిగింది. ముసాయిదాను వెనక్కి తీసుకోవచ్చునని అక్కడ రుజువైంది. కాని పటం గీసేవారు పొలం గట్టు మీద ఒక్కసారి నడిచి, గ్రామసభలో ఆ పటం పరిచి చూపించి ఉంటే అంత దూరం వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు చేయవలసిన పని అభ్యంతర పత్రం రాయడం. ముసాయిదా ప్రకటనలో గడువు తేదీ ఉంటుంది. ముందు దానిని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. పత్రంలో సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం రాసి, పట్టాదారు పాసు పుస్తకం నకలు జతచేసి, ముసాయిదా పటంలో మీ భూమి ఉన్నచోటును ఎర్ర పెన్నుతో గుర్తించండి. బావి, బోరు, పండ్ల తోట, కోళ్ల ఫారం వంటివి ఉంటే ఫోటోలు పెట్టండి. రోడ్డు విషయంలో వద్దని మాత్రమే రాస్తే బలం చాలదు. ఫలానా బండ్లబాట గాని, ప్రభుత్వ భూమి గాని పక్కనే ఉండగా మా పట్టా భూమిలోంచి ఎందుకు తీశారని ప్రశ్నించి, ప్రత్యామ్నాయ మార్గాన్ని మీరే గీసి చూపించండి. ఒకే నమూనా మీద వంద మంది సంతకాలు చేసిన కాగితాన్ని ఒక అభ్యంతరంగా లెక్కగట్టి ఒక్క వాక్యంలో తోసిపుచ్చవచ్చు. వంద సర్వే నంబర్ల మీద వంద పత్రాలు వస్తే ఒక్కొక్కదానికీ జవాబు రాసుకోవలసి వస్తుంది. అన్నదమ్ములు ముగ్గురూ విడివిడిగా ఇవ్వండి. మునిసిపల్ కార్యాలయంలో ఇన్‌వర్డు నంబరు, ముద్ర వేయించుకుని, మరో ప్రతిని పట్టణ, గ్రామీణ ప్రణాళికా సంచాలకుల కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కౌన్సిలరు గారికి ఒక ప్రతి ఇచ్చి, అభ్యంతరాలు కౌన్సిల్ ముందుకు వచ్చిన రోజున మాట్లాడమని కోరండి. ఆయన ఇచ్చే ధైర్యం ఆ రోజు తీర్మానంలో కనిపించాలి.

ప్రశ్న: మేము కొన్న స్థలం పక్కన చిన్న కుంట ఉంది. మాది పట్టా భూమే. కుంట నుంచి ఎంత దూరం వదలాలి?

జవాబు: 2012 నాటి జీవో 168 ప్రకారం, చెరువు లేదా కుంట విస్తీర్ణం 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే పూర్తి నీటిమట్టపు గీత నుంచి 30 మీటర్లు, 10 హెక్టార్లలోపు ఉంటే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. వాగు, వరద కాలువల విషయంలో వెడల్పు 10 మీటర్లు మించితే 9 మీటర్లు, లోపు ఉంటే 2 మీటర్లు. కొలత మొదలయ్యేది మీరు వేసవిలో చూసిన నీటి అంచు నుంచి కాదు, నిండు వానాకాలంలో నీళ్లు నిలిచే గీత నుంచి. శిఖం భూమికి, అంటే చెరువు నిండినప్పుడు మునిగే భూమికి, పట్టా ఉండవచ్చు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఆ పట్టా ఇస్తుంది గాని ఇల్లు కట్టే హక్కు ఇవ్వదు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక చాలామందికి ఈ తేడా కూల్చివేత రోజునే తెలిసింది. నీటిపారుదల, రెవెన్యూ శాఖల సర్వే నివేదిక చేతికి వచ్చేవరకు పునాది తవ్వకండి.

ప్రశ్న: మా కాలనీ లే-అవుట్‌లో పార్కుగా చూపిన స్థలంలో ఒక ఆసుపత్రి కట్టే ప్రతిపాదన ఉందని విన్నాం. ఆసుపత్రి కూడా ప్రజలకు పనికివచ్చేదే కదా అని కొందరు అంటున్నారు.

జవాబు: సరిగ్గా ఇదే వాదన బెంగళూరులో వచ్చింది. లే-అవుట్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని అక్కడి అభివృద్ధి సంస్థ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వగా, కాలనీవాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు ఇస్తూ, పార్కు కోసం ఉంచిన ఖాళీ స్థలం అక్కడ నివసించేవారందరి ఆరోగ్యానికి, వాతావరణానికి సంబంధించినదని, ఆ విషయంలో కోర్టుకు వచ్చే అర్హత కాలనీవాసులకు ఉందని స్పష్టం చేసింది. మీ కాలనీ సంఘం ముందుగా ఆమోదిత లే-అవుట్ పటం ధ్రువీకృత నకలును, ఆ ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించిన దానపత్రం నకలును సమాచార హక్కు చట్టం కింద తెచ్చుకోవాలి. దానపత్రం రిజిస్టరు అయి ఉంటే మీ పని సగం పూర్తయినట్టే. కాకపోతే అప్పగింత జరిపించమని మునిసిపల్ కమిషనరుకు లేఖ రాయడంతో మొదలుపెట్టండి, ఎందుకంటే పాత వెంచర్లలో పార్కు స్థలం అమ్మినవారి పేరు మీదే మిగిలిపోయి ఉండడం మామూలే.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఒక ఊళ్లో ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి వెనుక ఖాళీ స్థలంలో దుకాణ సముదాయం కోసం జోనింగ్ మార్చే ప్రతిపాదన ఉందని, ప్లానింగ్ కమిషన్ విచారణకు రావచ్చునని నగరపాలక సంస్థ నుంచి వాళ్లకు ఉత్తరం వచ్చింది. అది నోటీసని భయపడి మాకు ఫోను చేశారు. వెళ్లాలా?

జవాబు: తప్పకుండా వెళ్లమనండి. మీ అబ్బాయి మీద ఎవరూ కేసు పెట్టలేదు. అడగకుండానే ఇంటికి వచ్చిన అవకాశం అది. జోనింగ్ మార్చదలచిన స్థలానికి 200 అడుగులలోపు ఆస్తులున్న యజమానులకు విచారణకు పది రోజుల కంటే ముందే ఉత్తరం పంపాలని టెక్సాస్ చట్టం చెబుతోంది. మన దగ్గర భూ వినియోగ మార్పిడి ప్రకటన పత్రికలో ఏ మూలనో సర్వే నంబర్లతో అచ్చవుతుంది, పక్క పొలం రైతుకు అది కంటబడడం అదృష్టం మీద ఆధారపడుతుంది. వాళ్ల పద్ధతిలో మనం తెచ్చుకోదగినది ఇదొక్కటైనా ఉంది.

కమిషన్‌లో కూర్చునేవారు నగర కౌన్సిల్ నియమించిన స్థానికులు. వాళ్లు ప్రతిపాదనను విని సిఫారసు చేస్తారు, తుది నిర్ణయం కౌన్సిల్‌ది. కనుక మాట్లాడే అవకాశం రెండుసార్లు ఉంటుంది. ఒక్కొక్కరికి ఇచ్చే సమయం తరచుగా మూడు నిమిషాలే కాబట్టి, మా ఇంటి ధర పడిపోతుందని వాపోవడానికి దానిని ఖర్చు పెట్టవద్దని చెప్పండి. సరుకుల లారీలు ఏ వైపు నుంచి వస్తాయి, రాత్రి దీపాల వెలుగు ఇళ్ల కిటికీల మీద పడకుండా ఏం చేస్తారు, వాన నీరు ఎటు పోతుంది, ఇళ్ల వైపు గోడ ఎంత ఎత్తు కడతారు అని అడిగితే, ఆ మాటలు అనుమతిలో షరతులుగా మారే అవకాశం ఉంటుంది. ఆ 200 అడుగుల పరిధిలోని భూమిలో కనీసం 20 శాతానికి యజమానులైనవారు లిఖితపూర్వకంగా వ్యతిరేకిస్తే, ప్రతిపాదన నెగ్గడానికి కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలన్న నిబంధన ఉంది. ఎక్కువ ఇళ్లకు వీలిచ్చే మార్పుల విషయంలో 2025లో ఆ శాతాన్ని 60కి పెంచారు గాని, మీవాళ్ల వెనుక వచ్చేది దుకాణ సముదాయం. అందువల్ల ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లతో మాట్లాడి సంతకాలు విచారణకు ముందే చేర్చమనండి. ఉత్తరంలో కేసు నంబరు ఉంటుంది. ఆ రోజు సెలవు దొరకకపోతే ఆ నంబరు వేసి అభ్యంతరాన్ని ముందుగా రాసి పంపినా రికార్డులో చేరుతుంది.